పొరుగు దేశాల సహకారం: సరిహద్దు గీత పక్కన బతికే మనకు ఎలా కనిపిస్తుంది?

పర్లాకిమిడి_మాస్టారు (గజపతి జిల్లా)
7 జూన్ 2025, ఉదయం 6:40

అందరికీ నమస్కారం.

ఒడిశాలోని మా పర్లాకిమిడి నుంచి ఆంధ్రలోని పాతపట్నం ఎంత దగ్గరో మీలో చాలామందికి తెలుసు. మా ఇంట్లో పాలు పోసే మనిషి అటు నుంచే వస్తాడు. పెళ్లి సంబంధాలు అటూ ఇటూ కలుస్తూనే ఉంటాయి. మధ్యలో రాష్ట్రాల గీత ఒకటి ఉందని మాకు గుర్తొచ్చేది ధాన్యం అమ్మేటప్పుడే. పోయిన ఖరీఫ్‌లో సాధారణ రకానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. ఒడిశా ప్రభుత్వం దాని మీద 800 కలిపి 3,100 ఇచ్చింది. నా పొలం ఇటు, మా చెల్లెలి పొలం అటు. ఒకే వాన, ఒకే విత్తనం, కోతకు వచ్చిన కూలీలు కూడా వాళ్లే. బస్తా ఏ ఒడ్డున కాటా ఎక్కిందన్న ఒక్క సంగతి మీద ధర మారిపోయింది. ఆ పూట మా చెల్లెలి ముఖం చూడలేకపోయాను.

ఈ ఏప్రిల్ 4న బ్యాంకాక్‌లో బిమ్స్‌టెక్ దేశాధినేతలు సమావేశమయ్యారని, ఆ సందర్భంగా సముద్ర రవాణా ఒప్పందం మీద సంతకాలు జరిగాయని పత్రికలో చదివాను. బంగాళాఖాతం చుట్టూ ఉన్న దేశాలు కలిసి అందరినీ కలుపుకుపోయే అభివృద్ధి సాధిస్తాయట. మంచి మాటే. ఒకే దేశంలో రెండు జిల్లాల మధ్య మేము పడుతున్నది చూస్తుంటే మాత్రం నాకు ఒక ప్రశ్న వదలడం లేదు. ఇలాంటి ఒప్పందం వల్ల గీత పక్కన బతికేవాడికి ఏం ఒరుగుతుంది? రాజధానిలో కూర్చున్నవాడి సంగతి నేను అడగడం లేదు. మీ మీ ఊళ్ల నుంచి చూసింది, విన్నది చెప్పండి.

బరంపురం_విద్యార్థి (గంజాం జిల్లా)
7 జూన్ 2025, ఉదయం 9:15

మాస్టారూ, పోటీ పరీక్షలకు చదువుతున్నాను కాబట్టి ముందు లెక్కలు నేను చెబుతాను. అనుభవం పెద్దలు చెప్పాలి.

దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ 1985 డిసెంబరు 8న ఢాకాలో పుట్టింది. 2006లో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది. 2014లో ఖాట్మండులో 18వ శిఖరాగ్ర సమావేశం జరిగాక మళ్లీ నాయకులు కూర్చోలేదు. 2016లో ఇస్లామాబాద్‌లో జరగవలసినది ఆగిపోయింది. దక్షిణాసియా దేశాలు చేసే మొత్తం వ్యాపారంలో తమలో తాము చేసుకునేది 5 శాతమే అని ప్రపంచ బ్యాంకు ఏళ్లుగా చెబుతోంది. ఆగ్నేయాసియాలో అది 20 శాతానికి పైనే. పక్కింటివాళ్లతో మాట్లాడకుండా దూరపు ఊళ్లో సరుకులు కొనుక్కునే వీధి ఎలా ఉంటుందో మన ప్రాంతం అలా ఉంది.

సార్క్ ముందుకు సాగక బిమ్స్‌టెక్ మీద దృష్టి పెరిగింది. అది 1997లో మొదలైంది. బంగ్లాదేశ్, భూటాన్, భారత్, మయన్మార్, నేపాల్, శ్రీలంక, థాయ్‌లాండ్ సభ్యులు. నియమావళి మీద సంతకాలు 2022లో జరిగాయి, అది అమల్లోకి వచ్చింది 2024 మే 20న. అంటే పుట్టిన 27 ఏళ్లకు దానికంటూ ఒక రాజ్యాంగం ఏర్పడింది.

నాకు బాగా నచ్చిన సంగతి కరెంటుది. నేపాల్ జలవిద్యుత్తును మన తీగల మీదుగా బంగ్లాదేశ్‌కు పంపేందుకు 2024 అక్టోబరులో మూడు దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. 40 మెగావాట్లు. చిన్నదే, కానీ పక్కపక్కన లేని రెండు దేశాలకు మధ్యలో ఉన్న దేశం దారి ఇవ్వడం ఈ ప్రాంతంలో అదే మొదలు. ఆ కరెంటు దాటే చోటు పేరు కూడా బహరంపూర్. మన బరంపురం కాదు, పశ్చిమ బెంగాల్‌లోనిది. అక్కడి నుంచి బంగ్లాదేశ్‌లోని భేరామారాకు 2013లోనే లైను వేశారు.

అలల_ఒడ్డు (గోపాల్‌పూర్)
7 జూన్ 2025, రాత్రి 8:50

మాస్టారూ, మీ ప్రశ్నకు నా దగ్గర ఒక జవాబు ఉంది. అది ప్రస్తుతం మా గుమ్మం ముందే ఆరుతోంది. నాన్న వల.

తెలియనివాళ్ల కోసం: ఒడియావాళ్లు నొలియాలు అని పిలిచే తెలుగు జాలరులం మేము. గోపాల్‌పూర్ నుంచి పూరీ పెంటకోట దాకా ఇసుక మీద మా ఇళ్లే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలం అది. తిండికి ఇబ్బంది అయినా అందులో న్యాయం ఉందని మా నాన్నే అంటాడు. గుడ్డు చేపను పట్టడమంటే వచ్చే ఏటి కూడు ఇప్పుడే తినడం అని ఆయన మాట.

కానీ బంగ్లాదేశ్‌లో నిషేధం ఇన్నేళ్లూ మే 20 నుంచి జూలై 23 దాకా ఉండేది. జూన్ 15న మన పడవలన్నీ నీళ్లలోకి దిగేవి. వాళ్ల పడవలు మాత్రం మరో అయిదు వారాలు ఒడ్డునే కట్టి ఉండేవి. మేము కూర్చుని కాపాడిన చేపను మీవాళ్లు వచ్చి పట్టుకుపోతున్నారని అక్కడి జాలరులు మొత్తుకునేవారు. చేపకు గీత తెలియదు కదా. ఈ ఏడాది వాళ్ల ప్రభుత్వం తేదీలు మార్చింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 11 దాకా, 58 రోజులు. రెండు దేశాల మధ్య సరుకుల దారులు ఒక్కొక్కటే మూసుకుంటున్న సంవత్సరంలో ఇది జరిగింది! పేపర్లలో చిన్న వార్తగా వచ్చింది. మాకు మాత్రం ఏ శిఖరాగ్ర సమావేశం కన్నా పెద్ద వార్త. గుడ్డు పెట్టే తల్లిచేపకు రెండు తీరాల్లోనూ ఒకేసారి విశ్రాంతి దొరికింది.

అడిగినవాళ్లు ఎవరో గమనించండి. ఆ ఒడ్డున పడవ కట్టుకుని కూర్చున్నవాళ్లు.

జయపురం_షావుకారు (కొరాపుట్ జిల్లా)
8 జూన్ 2025, ఉదయం 11:05

అమ్మాయి రాసింది బాగుంది. నాకు మాత్రం ఈ ‘దారులు తెరవాలి’ అన్న మాట వింటే కొంచెం భయం. కారణం చెబుతాను.

మా ముత్తాత గంజాం వైపు మనిషి. గోపాల్‌పూర్‌లో ఓడెక్కి రంగం వెళ్లాడు. రంగం అంటే రంగూన్ అని ఇప్పటి పిల్లలకు చెప్పవలసి వస్తోంది. గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి ఆ రోజుల్లో వేలల్లో వెళ్లేవారు. అప్పుడు బర్మా, మనం ఒకే పాలన కింద ఉన్నాం. సుంకం లేదు, వీసా లేదు. ఈనాటి పెద్దలు కలగనే రాకపోకలు అప్పుడు ఉన్నాయి. ఏం జరిగింది? మేస్త్రీలు ముందే బయానా ఇచ్చి కూలీలను కట్టేసుకునేవారు. రేవులో బస్తాలు మోసే పని అంతా తెలుగువాళ్లది. 1930 మేలో కూలి పెంచమని మనవాళ్లు సమ్మె చేస్తే కంపెనీలు బర్మావాళ్లను పనిలో పెట్టుకున్నాయి. సమ్మె తేలగానే వాళ్లను పొమ్మన్నాయి. ఆ కోపం కంపెనీల మీద పడలేదు, మనవాళ్ల మీద పడింది. రంగూన్ వీధుల్లో తెలుగు కూలీలను నరికారు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక మిగిలినవాళ్లు అడవుల్లో నడిచి వచ్చారు. మా ముత్తాత వచ్చాడు, ఆయన తమ్ముడు రాలేదు. మా ఇంట్లో ఇప్పటికీ పెద్దల పేర్లు చెప్పేటప్పుడు ఆయన పేరు చెప్పి ఒక్క క్షణం ఆగుతారు.

దారి తెరవడం ఒక్కటే సహకారం కాదు. తెరిచిన దారిలో లాభం ఎవరి సంచిలో పడుతోంది, నష్టం ఎవరి నెత్తిన పడుతోంది అన్నది ముందు తేల్చకపోతే పేదవాడు ఇంకో పేదవాడి మీద పడతాడు.

బరంపురం_విద్యార్థి
8 జూన్ 2025, మధ్యాహ్నం 12:30

షావుకారు గారూ, ఇది నేను ఏ పుస్తకంలోనూ ఇంత దగ్గరగా చదవలేదు. మీ మాటను బలపరిచే సంగతి ఒకటి గుర్తొచ్చింది. 2015 జూన్ 15న థింఫులో బంగ్లాదేశ్, భూటాన్, భారత్, నేపాల్ వాహనాల రాకపోకల ఒప్పందం చేసుకున్నాయి. భూటాన్ పార్లమెంటు ఎగువసభ దాన్ని ఆమోదించలేదు. తమ ఇరుకు కొండదారుల్లో బయటి లారీల రద్దీ, పొగ, తమ లారీ యజమానుల బతుకుతెరువు గురించి అక్కడివాళ్లు అడిగారు. మిగతా మూడు దేశాలు ముందుకు వెళ్లవచ్చని, తాము తర్వాత చూసుకుంటామని భూటాన్ చెప్పింది. చిన్న దేశం ‘ఇప్పుడు వద్దు’ అనగలిగింది, మిగతావాళ్లు దాన్ని ద్రోహంగా చూడలేదు. సహకారంలో ఇది కూడా భాగమే అనుకుంటాను.

అయినా అదే భూటాన్ విద్యుత్తులో మనతో చేయి కలిపి బాగుపడింది కదా. 1980లలో చుఖా జలవిద్యుత్ కేంద్రం, తర్వాత 1,020 మెగావాట్ల తాలా. మనం డబ్బు పెట్టాం, వాళ్లు మిగులు కరెంటు మనకు అమ్ముకుంటున్నారు.

సీలేరు_పంతులు (మల్కనగిరి జిల్లా)
8 జూన్ 2025, రాత్రి 9:40

తమ్ముడూ, కరెంటు మాట ఎత్తావు కాబట్టి మా వైపు కథ చెబుతాను.

ఇద్దరు పొరుగువాళ్లు కలిసి కట్టిన జలవిద్యుత్ కేంద్రం చూడాలంటే థింఫు దాకా అక్కరలేదు. మాచ్‌ఖండ్ 1955లో మొదలైంది. ఒడిశా, ఆంధ్ర ఉమ్మడిగా కట్టుకున్నది. డుడుమ జలపాతం దగ్గర పుట్టిన కరెంటు విశాఖ దాకా వెలుగునిచ్చింది. కాగితం మీద చూస్తే ఆదర్శమైన సహకారం. కానీ జలాపుట్ జలాశయం కింద పొలాలు పోయిన గిరిజన కుటుంబాల ఊళ్లలో దశాబ్దాల పాటు కిరసనాయిలు దీపమే వెలిగింది. తీగలు తల మీదుగా పోయాయి.

తర్వాత బలిమెల. అదీ ఉమ్మడి ప్రాజెక్టే. నీళ్లు నిండాక చిత్రకొండ వెనక 151 ఊళ్లు మూడు వైపులా నీటితో, ఒక వైపు కొండలతో చిక్కుకుపోయాయి. పడవే దారి. పురిటి నొప్పులు వచ్చినా పడవే, పాము కరిచినా పడవే. గురుప్రియ వంతెన 2018 జూలైలో ప్రారంభమైంది. అది తెరిచిన కొన్నాళ్లకు నేను అటు వెళ్లాను. ఒక ముసలమ్మ వంతెన మొదట్లో చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని నడుస్తోంది. ఎందుకమ్మా అని అడిగితే, నీళ్లు దాటడమంటే చెప్పులు తీయాలి కదా నాయనా అంది. అంతకాలం అలవాటు.

దేశాల మధ్య కూడా ఇదే తీరు. కర్ణఫూలీ నది మీద కాప్తాయ్ ఆనకట్ట 1962లో పూర్తయింది, అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో. దాదాపు లక్ష మంది ఇళ్లు మునిగాయి, ఎక్కువగా చక్మా గిరిజనులవి. వేలమంది మన దేశంలోకి వచ్చి ఇప్పటి అరుణాచల్‌లో స్థిరపడ్డారు. ఒక దేశం అభివృద్ధి లెక్కలో రాసుకున్నది ఇంకో దేశం గుమ్మంలోకి శరణార్థిగా వచ్చింది.

కాబట్టి సుస్థిర అభివృద్ధి అన్న మాటకు నా కొలత ఒకటే. మెగావాట్లు తర్వాత లెక్కపెట్టండి. మునిగే ఊళ్లలో మొదటి స్తంభం ఎప్పుడు వేస్తారో ఒప్పందంలో రాయండి.

నాగావళి (రాయగడ)
9 జూన్ 2025, ఉదయం 7:20

పంతులు గారి చివరి మాట నేను మా సంఘం సమావేశంలో చదివి వినిపిస్తాను. అనుమతి ఇస్తారనుకుంటున్నాను.

నేను మహిళా సంఘాలతో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. చోళ్లు, పసుపు, చింతపండు, కొండచీపుర్లు. పోయిన చలికాలం ఒక సంతలో కూర్చుని చూశాను. తెల్లవారుజామున నాలుగింటికి కొండ దిగిన సవర ఆడమనిషి నెత్తిమీద చింతపండు తట్ట. సంత మొదటి మలుపులోనే దళారి నిలబడి ఉన్నాడు. తట్ట దించకముందే చేయి పెట్టి ధర చెప్పేశాడు. ఆమె ఏదో అనబోయింది. అతనికి సవర రాదు, ఆమెకు తెలుగూ ఒడియా అంతంతమాత్రం. అయిదు నిమిషాల్లో తట్ట ఖాళీ. ఆమె ఉప్పు, ఎండుచేపలు కొనుక్కుని ఎండెక్కకముందే కొండెక్కింది. గిరాకీ ఉన్న సరుకే, కానీ ధర గురించి మాట్లాడుకోవడానికి ఆమెకు చోటు దొరకలేదు.

అందుకే నాకు మేఘాలయలోని సరిహద్దు సంతల మీద చాలా ఆశ. మొదటిది 2011లో కలాయ్‌చర్‌లో తెరిచారు, భారత్, బంగ్లాదేశ్ గీత మీద. సరిహద్దుకు అయిదు కిలోమీటర్ల లోపు ఉన్నవాళ్లే అమ్మాలి, వాళ్లే కొనాలి. కూరగాయలు, పండ్లు, వెదురు సామాను, గమ్చాలు, ఆ ప్రాంతంలో పండేవి, నేసేవి. సుంకం లేదు. ఒకరు కొనగలిగేది మొదట్లో 50 డాలర్ల విలువ దాకానే, తర్వాత 100, ఆపైన 200 చేశారు. తర్వాత త్రిపురలోనూ తెరిచారు. పెద్ద వ్యాపారి లారీతో దిగబడడానికి వీల్లేని కొలత అది. రూపాయి, టాకా రెండూ చెల్లుతాయి. అంతకుముందు చీకట్లో కంచె దాటి వెళ్లిన సరుకు పగలు కాటా మీదకు వచ్చింది.

లోపాలు లేవని కాదు. కోవిడ్ కాలంలో మూసేశారు. సంతలో కొట్టు దక్కించుకున్న ఆడవాళ్లు మొదటి నుంచీ తక్కువే. కానీ నియమం రాసేటప్పుడే చిన్న చేతిని దృష్టిలో పెట్టుకున్న ఒప్పందం నాకు ఇదొక్కటే కనిపించింది.

ప్రాణహిత (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)
9 జూన్ 2025, మధ్యాహ్నం 3:10

ఒడిశావాళ్ల మధ్యలో మహారాష్ట్ర నుంచి వస్తున్నాను, మన్నించండి. మాదీ గీత పక్కన ఊరే. గోదావరికి ఆ ఒడ్డు కాళేశ్వరం, ఈ ఒడ్డు సిరొంచ. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అడవిలో గోండి.

2016 ఆగస్టు 23న ముంబయిలో రెండు రాష్ట్రాలు ఒప్పందం చేసుకున్నాయి. మేడిగడ్డ బరాజ్ 100 మీటర్ల మట్టంతో కట్టుకోవచ్చు. దశాబ్దాల తగువు తీరిందని అందరూ సంతోషించారు, నేను కూడా. 2019 జూన్ 21న ప్రారంభించారు. ఆ తర్వాతి వానాకాలాల్లో మా వైపు పొలాల్లో నీళ్లు నిలిచాయి. మా నాన్న మిరప వేసిన రెండెకరాల్లో మొక్క నిలబడి ఉంది, వేరు కుళ్లిపోయింది. చేత్తో పట్టుకుంటే చాలు, ఊడి వచ్చేది. అర్జీ పట్టుకుని ఒక కార్యాలయానికి వెళ్తే ఇది అవతలి రాష్ట్రం ప్రాజెక్టు అన్నారు. అవతల అడిగితే మీది వేరే రాష్ట్రం అన్నారు. 2023 అక్టోబరులో బరాజ్ స్తంభాలు కుంగాయి. ఇప్పుడు నీళ్లూ నిలపడం లేదు, మాట్లాడేవాళ్లూ లేరు.

ఒప్పందంలో నీటి మట్టం మీటర్లలో ఉంది. పొలం మునిగినవాడు ఎవరి తలుపు తట్టాలో నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. భారత్, బంగ్లాదేశ్ మధ్య గంగా జలాల ఒప్పందం 1996 డిసెంబరులో 30 ఏళ్లకు రాసుకున్నది, 2026 డిసెంబరుతో దాని గడువు. కొత్తది రాసేవాళ్లకు నాదొక్కటే విన్నపం. ఘనపుటడుగులతో పాటు ఒక తలుపు కూడా రాయండి. రెండు వైపులవాళ్లూ వచ్చి అర్జీ ఇచ్చే తలుపు.

నిర్వాహకుడు
9 జూన్ 2025, సాయంత్రం 6:00

మేడిగడ్డ మీద, ఒడిశా, ఆంధ్ర రెండూ తమవే అంటున్న కొఠియా ఊళ్ల మీద రాజకీయ పార్టీలను తిడుతూ వచ్చిన నాలుగు వ్యాఖ్యలు తొలగించాను. ప్రాణహిత గారు తమ పొలం గురించి రాశారు. దయచేసి దాన్ని ఆ మర్యాదతోనే చదవండి.

జయపురం_షావుకారు
10 జూన్ 2025, ఉదయం 10:45

నాగావళి అమ్మా, సరిహద్దు సంత గురించి నాకు తెలియదు. తెలిశాక నా మాట కొంత మార్చుకుంటున్నాను. అది నేను భయపడే దారి కాదు.

కానీ వ్యాపారిగా ఒకటి చెప్పాలి. పొరుగువాడికి కావలసింది మాట నిలకడ. 2019 సెప్టెంబరు చివర ఉల్లి ఎగుమతి రాత్రికి రాత్రి ఆపేశాం. 2023 డిసెంబరులో మళ్లీ ఆపాం. మన ఇళ్లలో ధర తగ్గించాలన్న ఉద్దేశం నాకు అర్థమవుతుంది. కానీ ఢాకాలో కొట్టువాడు రేపటి బస్తాకు బయానా ఇచ్చి కూర్చున్నాడు. ఇటు నాసిక్ రైతు ధర పడిపోయి కూర్చున్నాడు. ఈ ఏడాది ఏప్రిల్, మే నెలల్లో వాళ్లు మన నూలు భూమార్గాన రాకుండా ఆపారు, మనం వాళ్ల దుస్తులు భూమార్గాన రాకుండా ఆపాం. కారణాలు పెద్దలకు ఉండవచ్చు. లారీలో సరుకుతో ఉన్న డ్రైవరుకు, గోదాములో హమాలీకి ఆ రోజు కూలి పోయింది. నేను చిన్న వ్యాపారిని. నాకు నష్టం వచ్చినా తట్టుకుంటాను, ముందు చెబితే చాలు. నెల రోజుల గడువు లేకుండా సరిహద్దు వ్యాపారం మీద నిషేధం పెట్టకూడదని ఈ దేశాలన్నీ ఒక్క వాక్యం రాసుకుంటే, మిగతా వంద పేజీలు లేకపోయినా నేను ఒప్పుకుంటాను.

పర్లాకిమిడి_మాస్టారు
10 జూన్ 2025, రాత్రి 9:00

మూడు రోజులుగా ఒక్కొక్క పోస్టూ రెండేసి సార్లు చదువుతున్నాను. అందరికీ కృతజ్ఞతలు.

ఇంత బాధ మధ్యలో, మన కళ్ల ముందే నడుస్తున్న సహకారం ఒకటి ఉంది. మనం దాన్ని ఆ పేరుతో పిలవం. తుపాను హెచ్చరిక. 1999లో ఒడిశాలో దాదాపు పదివేల మందిని పోగొట్టుకున్నాం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ముందే లక్షల మందిని తరలించారు కాబట్టి ఆ స్థాయి ప్రాణనష్టం జరగలేదు. ఫైలిన్ అన్నది థాయ్‌లాండ్ ఇచ్చిన పేరు. హుద్‌హుద్ ఒమాన్‌ది, ఫణి బంగ్లాదేశ్‌ది. మా జిల్లాను ముంచిన తిత్లీ పాకిస్తాన్ ఇచ్చిన పేరు. ఇప్పుడు 13 దేశాలు కలిసి పేర్లు పెడతాయి, ఢిల్లీ వాతావరణ కేంద్రం ఆ దేశాలన్నిటికీ సూచనలు పంపుతుంది. యుద్ధం వచ్చినా, మాటలు ఆగినా ఈ పని ఆగలేదు.

అయినా 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున నేను చూసింది మరచిపోలేను. తిత్లీ గాలి తీరానికి వస్తుందని అందరికీ చెప్పారు. తీరంలో జనాన్ని తరలించారు. వాన కొండల మీద పడుతుందని కొండల్లో ఉన్నవాళ్లకు అంత గట్టిగా ఎవరూ చెప్పలేదు. కొండచరియలు విరిగి మా జిల్లాలో సవర పల్లెల్లో ఎందరో పోయారు. నా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడు మూడు రోజులు నడిచి వచ్చి మా వరండాలో కూర్చున్నాడు. అన్నం పెడితే కలుపుతూ కూర్చున్నాడు, తినలేదు. హెచ్చరిక రేడియోలో ఒడియాలో, తెలుగులో వచ్చింది మాస్టారూ, మా అమ్మమ్మకు సవర తప్ప రాదు అన్నాడు.

ఈ ఊరి బడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని, ఆ భాషకు నిఘంటువు, వ్యాకరణం రాశారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆ బాధతో ఊరు విడిచి వెళ్లారు. ఆయన వెళ్లిపోయిన సంగతి మనం ప్రతి ఆగస్టు 29న చెప్పుకుంటాం. సవర నేర్చుకున్న సంగతి తక్కువ చెప్పుకుంటాం.

అలల_ఒడ్డు
11 జూన్ 2025, రాత్రి 10:20

మాస్టారూ, ఆ అబ్బాయి గురించి చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

మా జిల్లాలో వెంకట్రాయిపూర్ అనే జాలరి పల్లెను 2020లో సునామీకి సిద్ధంగా ఉన్న ఊరిగా యునెస్కో గుర్తించింది. దేశంలో మొదట గుర్తింపు పొందిన రెండు ఊళ్లలో అదొకటి, రెండూ ఒడిశావే. హైదరాబాద్‌లోని సునామీ హెచ్చరిక కేంద్రం మనతో పాటు హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలకూ సమాచారం ఇస్తుంది. ఆ ఊళ్లో ఎటు పరుగెత్తాలో బాణం గుర్తులు పెట్టారు. అవి ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అంటే చివరి గుమ్మం దాకా చేర్చాలనుకుంటే చేర్చగలరు.

ఈ రాత్రితో బంగ్లాదేశ్‌లో నిషేధం ముగుస్తుంది. మనకు 14 అర్ధరాత్రి. నాన్న ఈసారి పారాదీప్ నుంచి మర పడవ మీద వెళ్తున్నారు, పదిహేను రోజుల వేట. మా పెదనాన్న కొడుకు అలాగే వెళ్లి ఇంజిన్ చెడి, ఒరవడికి ఈశాన్యంగా కొట్టుకుపోయాడు. బంగ్లాదేశ్ గస్తీ ఓడ వచ్చింది. వాళ్లు ఏదో అడిగారు, ఇతనికి అర్థం కాలేదు. ఇతను తెలుగులో, ఒడియాలో చెప్పాడు, వాళ్లకు అర్థం కాలేదు. నెలల తరబడి జైలు. తిరిగి వచ్చాక నాతో అన్నాడు, ఇంజిన్ చెడిపోయిందని వాళ్ల మాటలో చెప్పగలిగి ఉంటే ఏమయ్యేదో అని.

సీలేరు పంతులు గారూ, మీ మల్కనగిరిలో తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు కదా. మీకు వాళ్ల భాష వచ్చా? నాకు నాలుగు వాక్యాలు కావాలి.

సీలేరు_పంతులు
12 జూన్ 2025, ఉదయం 5:55

వచ్చమ్మా. దండకారణ్య ప్రాజెక్టు 1958లో మొదలైంది, ఆ తర్వాత వచ్చినవాళ్లకు ఇక్కడ ఎం.వి. 1, ఎం.వి. 2 అంటూ అంకెలతో ఊళ్లు కట్టి ఇచ్చారు. నా బడిలో సగం పిల్లలు ఆ ఊళ్లవాళ్లే. రాత్రి నీ పోస్టు చూసి పొద్దున్నే మా పక్కింటి పెద్దాయన దగ్గరకు వెళ్లాను. ఆయన ఖుల్నాలో పుట్టారు, వాళ్ల నాన్న నదిలో చేపలు పట్టేవారట. మూడు సార్లు చెప్పించుకుని రాసుకున్నాను.

ఆమరా భారోతేర్ జేలే. (మేము భారతదేశపు జాలరులం.)
ఇంజిన్ నొష్టో హోయే గేఛే. (ఇంజిన్ చెడిపోయింది.)
స్రోతే భేషే ఎషేఛి. (ఒరవడికి కొట్టుకువచ్చాం.)
పాని దిన్. (నీళ్లు ఇవ్వండి.)

చివరి దాని మీద పెద్దాయన ఒక మాట అన్నారు. మా ఇళ్లలో నీళ్లను జోల్ అంటాం, కానీ ఆ తీరంలో ఇప్పుడు ఎక్కువమంది పాని అంటారు, ఆ పిల్లకు అదే రాసివ్వు అని. తర్వాత కాసేపు గుమ్మంలోనే నిలబడ్డారు. మీ నాన్న ఏ చేప పడతారని అడిగారు. ఇలస దొరికితే ఆ చేప ఎటు నుంచి వచ్చిందో నాన్నను గమనించి చెప్పమన్నారు.

అలల_ఒడ్డు
14 జూన్ 2025, సాయంత్రం 5:30

రెండు రోజులుగా నాన్న, సరంగు, మిగతా ఆరుగురూ బస్తాల మీద కూర్చుని ఆ నాలుగు వాక్యాలూ వల్లె వేశారు. నాన్నకు ‘ఛ’ దగ్గర నాలుక తిరగడం లేదు, మా తమ్ముడు సరిచేస్తున్నాడు. తెలుగు లిపిలో ఎర్ర రంగుతో ఇంజిను పక్క చెక్క మీద రాశాను. నీళ్లు తగిలినా పోని రంగే. వాటి కింద అయిదో వాక్యం కూడా పెట్టాను, పెద్దాయనను అడిగి చెప్పండి పంతులు గారూ, తప్పుంటే దిద్దుతాను: ‘ధొన్నోబాద్.’

పడవ అర్ధరాత్రి దాటాక బయలుదేరుతుంది.